కోట, బావులు, పాత గుళ్ళు, వాటి పక్కన మన ఇళ్ళు: నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్నలు

ఇంటింటికీ తిరుగుతుంటే నీళ్ళు, రోడ్డు, కుక్కల బెడద తర్వాత అందరూ అడుగుతున్నది కోట గురించే. కొందరు కోపంగా అడుగుతారు, కొందరు భయంగా. మా ఖిలా వరంగల్ ముసలివాళ్ళయితే చేయి పట్టుకుని కూర్చోబెట్టి మరీ అడుగుతారు. గుమ్మం ముందు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. నాకు పార్టీ లేదు, కార్పొరేటర్‌గా స్వతంత్రంగా పోటీ చేస్తున్నాను. పుట్టింది మట్టికోట లోపలే. మా నాన్న తాపీ మేస్త్రీ.

కోట ఢిల్లీ వాళ్ళ చేతిలో ఉంది కదా, కార్పొరేటర్‌కు దానితో ఏం పని?

నిజమే. ఖిలా వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, అటు పాలంపేటలో రామప్ప గుడి, ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. రాష్ట్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించినవి 2017 తెలంగాణ వారసత్వ చట్టం కిందికి వస్తాయి. ఈ రెండు లిస్టుల్లోనూ లేని బావులు, బురుజులు, చిన్న గుళ్ళు, శాసనపు రాళ్ళు ఊరంతా ఉన్నాయి, వాటిని అడిగే దిక్కు లేదు. కార్పొరేటర్ సంతకంతో కోట నడుమ స్వయంభూ గుడి దగ్గరున్న రాతి ద్వారం, అదే కీర్తి తోరణం, దగ్గర ఒక్క రాయి కూడా కదలదు, కదలకూడదు కూడా.

కానీ చెత్త బండి ఎటు రావాలి, మురుగు ఎటు పోవాలి, వీధి దీపం స్తంభం ఎక్కడ పాతాలి, ఇంటి పర్మిషన్ ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిపోయింది, ఇవన్నీ కార్పొరేషన్ పనులు. ఏడు వందల ఏళ్ళకు పైగా నిలబడ్డ గోడను ఈ రోజు పాడు చేస్తున్నవి ఎక్కువగా ఇలాంటి చిన్న పనులే. కందకం అంచున చెత్త పోయొద్దని బోర్డు పెడితే సరిపోదు, ఆ వీధికి రోజూ బండి రావాలి. అది నా పని.

అక్కా, మా ఇల్లు కోట పక్కనే ఉంది. నువ్వు గెలిస్తే మా ఇల్లు పోతదా?

పోదు. ఈ భయం మీద చాలామంది బతుకుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, అది దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటి 100 మీటర్లలో కొత్తగా ఇల్లు కట్టడానికి వీల్లేదు. తర్వాతి 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. మనలో చాలామందికి తెలియనిది, తెలిసినవాళ్ళు చెప్పనిది ఒకటుంది: 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇల్లయితే, 100 మీటర్ల లోపల ఉన్నా సరే, మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకునే హక్కు చట్టమే ఇచ్చింది. కప్పు కారుతుంటే కప్పు బాగు చేసుకోవచ్చు, గోడ పగిలితే గోడ బాగు చేసుకోవచ్చు, కాకపోతే ముందు కాగితం రావాలి. అనుమతి లేకుండా పని మొదలుపెడితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే అవకాశం ఉంది.

దరఖాస్తుకు గడువు కూడా ఉంది. అధీకృత అధికారి దాన్ని 15 రోజుల్లో జాతీయ కట్టడాల అథారిటీకి పంపాలి, వాళ్ళు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, అది అందాక నెల రోజుల్లో మనకు జవాబు రావాలి. చట్టంలో రాసింది ఇదీ.

మా ఇంట్లో జరిగింది వేరు. గూనపెంకుల కప్పు ఒక మూల కుంగింది. నాన్న ఒక ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాడు. ఒకసారి ఫొటో సరిగ్గా లేదన్నారు, ఇంకోసారి మ్యాపు కావాలన్నారు, మూడోసారి వెళితే అసలు ఫైలే కనబడలేదు. రెండు వానాకాలాలు ఆ మూల టార్పాలిన్ కట్టుకుని, కింద గిన్నెలు పెట్టుకుని పడుకున్నాం. ఊరందరి ఇళ్ళూ కట్టిన మేస్త్రీ, తన ఇంటి మీద పెంకు మార్చుకోలేకపోయాడు. మా అమ్మ కోట వైపు చూసి తిట్టేది. కోట ఏం చేసింది పాపం! ఆ ఫైలు కదిలి ఉంటే మా అమ్మ దాన్ని తిట్టేది కాదు. కోట పక్కన ఉన్న మనిషి కోటకు శత్రువుగా మారితే ఎంతమంది వాచ్‌మెన్లను పెట్టినా ఆ గోడను కాపాడలేరు. నేను పోటీకి దిగడానికి అసలు కారణం ఇదే.

గెలిస్తే మొదట చేసేది వార్డు ఆఫీసులో దీని కోసం ఒక టేబుల్. 1992కు ముందు నుంచి ఉన్న ఇళ్ళ జాబితా వీధివారీగా తయారు చేయించాలి. ఇంటి పన్ను పాత రసీదులు, కరెంటు బిల్లులు, రిజిస్ట్రేషన్ కాగితాలు ఒక్కో ఇంటికి ఒక్కో ఫైలుగా పెట్టాలి. దరఖాస్తు మేమే నింపి పంపాలి, ఏ తేదీన ఎక్కడికి వెళ్ళిందో గోడ మీద రాసి పెట్టాలి. తేదీ అందరికీ కనబడితే ఫైలు మాయమవడం కష్టం.

100 మీటర్ల రూలే తీసేయించొచ్చు కదా? వేరే వాళ్ళు తీసేయిస్తామంటున్నారు.

తీసేయించడం పార్లమెంటు పని, కార్పొరేటర్‌తో అయ్యేది కాదు. ఓట్ల కోసం ఎవరైనా ఆ మాట ఇస్తే నమ్మకండి. అధికారం ఉన్నా నేను తీసేయించను. తోరణం నడిమధ్య నిలబడి చూస్తే ఇంకో తోరణం కనబడుతుంది, వాటి వెనక ఆకాశం కనబడుతుంది. నాలుగు అంతస్తుల బిల్డింగులు లేస్తే ఆ చూపు పోతుంది, పోయాక ఎంత డబ్బు పెట్టినా రాదు.

అయితే ఒక అన్యాయం ఉంది. చిన్న కట్టడానికీ, మైళ్ళ పొడవున్న కోటకూ ఒకటే గిరి గీశారు. ఒక్కో కట్టడానికి విడిగా నియమావళి తయారు చేయాలని 2010 సవరణే చెబుతోంది. ఏ వైపు ఎంత ఎత్తు, ఏ రకం కప్పు, ఎక్కడ వాహనాలు అన్నది అందులో రాసుకోవచ్చు. అది తెలుగులో ఉండాలి, రాసే ముందు ఖిలాలో సభ పెట్టి చదివి వినిపించాలి. నేను కొట్లాడేది దీని కోసం. పాత ఇళ్ళ మీద దొంగతనంగా మూడో అంతస్తు వేస్తున్న వాళ్ళ తరఫున మాత్రం మాట్లాడను. నిన్న ఒకాయన ఇంటికి పిలిచి భోజనం పెట్టి ఇదే అడిగాడు, ఆయనకూ ఇదే చెప్పాను.

కోట లోపల డ్రైనేజీ వేయమంటే పురావస్తు శాఖ ఒప్పుకోదంటున్నారు. నిజమేనా?

సగమే నిజం. ఆ చట్టంలో "నిర్మాణం" అన్న మాటకు అర్థం రాసిన చోటే కొన్నింటిని బయట ఉంచారు: మురుగు కాలువలు, పబ్లిక్ మరుగుదొడ్లు, ప్రజలకు నీళ్ళ సరఫరా పనులు, కరెంటు సరఫరా పనులు. అంటే కోట పక్కన పుట్టినంత మాత్రాన మురుగులో బతకమని చట్టం చెప్పలేదు. తవ్వే ముందు పురావస్తు శాఖతో మాట్లాడాలి, జేసీబీ కాకుండా మనుషులతో జాగ్రత్తగా తవ్వించాలి, ఎందుకంటే మన దగ్గర మూడు అడుగులు తవ్వితే ఏదో ఒక రాయి బయటపడుతుంది. ఆ జాగ్రత్త తీసుకోవడం కష్టమనిపించి "వాళ్ళు ఒప్పుకోరు" అనేస్తున్నారని నా అభిప్రాయం.

మట్టికోట మీద ఇళ్ళు వేసుకున్న వాళ్ళను ఖాళీ చేయిస్తారా?

మట్టికోటను చాలామంది మట్టిదిబ్బ అనుకుంటున్నారు. రాతికోట గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయింది, దాని చుట్టూ కందకం, ఆ బయట ఈ మట్టికోట. మట్టి గోడే కదా అని తీసిపారేయడానికి లేదు, రాతికోటను ఇన్నాళ్ళు కాపాడింది అదే. పోయిన వానాకాలం ఒక పొద్దున నడుస్తూ వెళితే కట్ట పక్కన కొత్తగా కోసిన చోటు కనబడింది. కత్తితో హల్వా కోసినట్టు నున్నగా ఉంది, కింద ట్రాక్టర్ టైరు గుర్తులు, వాటిలో వాన నీళ్ళు. కోసిన ముఖంలో మట్టి పొరలు పొరలుగా కనబడ్డాయి, ఎర్రది, తర్వాత బూడిద రంగుది, మళ్ళీ ఎర్రది, మధ్యలో కుండ పెంకులు. ఎవరో తట్టలతో మోసి, పోసి, తొక్కి గట్టి చేసిన మట్టి అది. ఎవరి ఇంటి బేస్‌మెంట్‌లోకో పోయింది.

నా మాట ఏమిటంటే, అందరినీ ఒకే గాటన కట్టొద్దు. తాతల నాటి నుంచి గుడిసె వేసుకుని ఉన్న కూలీ కుటుంబం వేరు, కట్ట చదును చేసి ప్లాట్లు అమ్ముకున్నవాడు వేరు, రాత్రి పూట మట్టి తోలేవాడు వేరు. పేద కుటుంబాన్ని కదపాల్సి వస్తే ఇదే ఏరియాలో, పిల్లల బడికి నడిచి వెళ్ళే దూరంలో పక్కా ఇల్లు చేతికిచ్చాకే కదపాలి. తాళం చెవి ఇవ్వకుండా నోటీసు ఇస్తే నేను ఆ గుడిసె ముందు నిలబడతాను. ప్లాట్లు అమ్మినవాళ్ళ మీద, మట్టి తోలేవాళ్ళ మీద కేసు పెట్టాలి, ట్రాక్టర్ సీజ్ చేయాలి. ఇందులో నాకు మొహమాటం లేదు.

మా వాడకట్టులో పాత శివాలయానికి కమిటీ వాళ్ళు సిమెంటు పూసి రంగులు వేస్తున్నారు. మంచి పనే కదా?

భక్తితో చేస్తున్నారు, అందుకే ఆపమని చెప్పడం కష్టం. కానీ ఆపాలి. పాత గోడ లోపలి తేమ డంగు సున్నం (గానుగ పట్టిన సున్నం) గుండా మెల్లగా బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే బిగిసిపోతుంది, కొన్నేళ్ళకు ఇటుకయినా రాయయినా పొరలు పొరలుగా రాలుతుంది. శిల్పం మీద ఎనామిల్ రంగు వేస్తే ముక్కు, కన్ను, నగల మీది గీతలు అన్నీ పూడిపోతాయి. ఆ గీతలు చెక్కినవాడు ఎన్ని రోజులు కూర్చున్నాడో!

మా నాన్న డంగు సున్నం పని చేసిన చివరి తరం. చిన్నప్పుడు అన్నం గిన్నె తీసుకుని పని దగ్గరికి వెళ్ళేదాన్ని. గుండ్రటి రాతి గానుగలో సున్నం, ఇసుక వేసి, ఎద్దును కట్టి తిప్పేవాళ్ళు. పక్కన గోలెంలో కరక్కాయలు నానుతుండేవి, ఇంకో కుండలో బెల్లం నీళ్ళు. నాన్న కొంచెం వేళ్ళ మధ్య తీసుకుని నలిపి చూసి "ఇంకా గరగర ఉంది, తిప్పు" అనేవాడు. వెన్నలా అయ్యేదాకా వదిలేవాడు కాదు. ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు మన దగ్గర వేళ్ళ మీద లెక్కపెట్టేంత. వాళ్ళు ఉండగానే కుర్ర మేస్త్రీలకు నేర్పించాలి. నేర్చుకున్నన్ని రోజులు రోజు కూలీ ఇవ్వాలి, లేకపోతే ఎవరు వస్తారు? మన ఊళ్ళోనే ఎన్ఐటీ ఉంది, సున్నం పాళ్ళు పరీక్షించి చెప్పమని వాళ్ళను అడుగుతాను.

తొందరపడకూడదని మాత్రం ఒప్పుకుంటాను. అలాగని నిద్రపోకూడదు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని బాగు చేయడానికి 2006 ప్రాంతంలో విప్పారు, 2024 మార్చిలో శివరాత్రికి తెరిచారు. ఒక తరం పిల్లలు ఆ మండపం చూడకుండానే పెళ్ళీడుకొచ్చారు. 1163 నాటి గుడి అది, రాయి రాయికి నంబరు వేసి తిరిగి నిలబెట్టడం తేలికైన పని కాదని నాకు తెలుసు. కానీ ఎంత పని అయిందో ఏడాదికొకసారైనా జనం ముందు చెప్పే పద్ధతి ఉండాలి. ఎంగిలిపూల బతుకమ్మకు ఆ గుడికి వచ్చే ఆడవాళ్ళు ప్రతి ఏడూ అదే అడిగేవాళ్ళు.

మెట్ల బావుల గురించి ఏం చేస్తారు?

శివనగర్ మెట్ల బావిని బాగు చేశాక చూశారా? అంతకుముందు ఆ దారిన వెళ్ళేటప్పుడు ముక్కు మూసుకునేవాళ్ళం. ఇప్పుడు చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపిస్తున్నాం. అంటే చేస్తే అవుతుంది. మిగతా వాటికి మొదటి పని సుందరీకరణ కాదు, నీళ్ళు. బావి చుట్టూ కాంక్రీటు పోసి, టైల్స్ వేసి, లైట్లు పెట్టి, చివరికి వాన నీళ్ళు లోపలికి రాకుండా చేస్తే అది బావి కాదు, గొయ్యి. నీళ్ళు వచ్చే దారి వెతకాలి, పూడిక చేత్తో తీయాలి, తీసిన మట్టిని జల్లెడ పట్టాలి.

కాకతీయులను మనం గుళ్ళతో గుర్తుపెట్టుకుంటున్నాం కానీ మనకు తిండి పెట్టింది వాళ్ళ చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం కింద ఈ రోజుకీ వరి పండుతోంది. వారసత్వం అంటే అవి కూడా.

కోటలో ఖుష్ మహల్ దర్బారు భవనం ఎందుకు, అది కాకతీయుల తర్వాత కట్టింది కదా అని కొందరంటున్నారు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. ఆ తర్వాత కూడా ఈ ఊళ్ళో మనుషులు బతికారు, కట్టారు, పాలించారు. ఖుష్ మహల్‌నూ, స్వయంభూ గుడి తోరణాలనూ ఒకే శ్రద్ధతో కాపాడాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

సెంట్రల్ జైలు కూల్చినప్పుడు మీరు ఏమన్నారు?

2021లో కూల్చారు, ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రి. ఆసుపత్రి వద్దని నేను అనలేదు, ఎంజీఎం సర్కారు దవాఖానలో మంచం కోసం ఎదురుచూసిన ఇంటి నుంచే వచ్చాను. కానీ నిజాం కాలపు ఆ జైలు గేటూ, ఒక గోడా ఉంచి కట్టొచ్చని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఖైదీలు నేసిన తివాచీలతో ఆ జైలుకు పేరుండేది. ఆజంజాహి బట్టల మిల్లు కూడా అంతే, 1934లో పెట్టారు, మన ఇళ్ళల్లో సగం మంది తాతలు ఆ సైరన్‌కు లేచి పనికి పోయినవాళ్ళే. ఇకముందు యాభై ఏళ్ళు దాటిన ఏ పబ్లిక్ బిల్డింగునైనా కూల్చే ముందు కొలతలు, ఫొటోలు తీయాలి, అందులో పనిచేసిన వాళ్ళ మాటలు రికార్డు చేయాలి, తర్వాతే కూల్చాలా వద్దా అని కౌన్సిల్‌లో ఓటు పెట్టాలి. నేను పెట్టే మొదటి తీర్మానం ఇదే.

గడీలను, అంటే దొరల పాత కోట ఇళ్ళను కూడా కాపాడాలంటారా? మా తాతలు అక్కడ వెట్టి చేశారు.

ఈ ప్రశ్న అడిగింది హన్మకొండలో ఆటో నడిపే ఒక పెద్దాయన. అడిగేటప్పుడు ఆయన గొంతు వణికింది. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, తర్వాత చాలా ఆలోచించాను.

గడీ గోడలకు రంగులేసి రిసార్టు చేసి, దొర కుర్చీలో కూర్చుని ఫొటోలు దిగేలా చేస్తే అది మీ తాతను రెండోసారి అవమానించడం. అలా అయితే నాకూ వద్దు. కానీ మొత్తం కూల్చేస్తే వెట్టి జరిగిందన్న సాక్ష్యమూ పోతుంది. నిలబెట్టాలి, గుమ్మం పక్కన అక్కడ ఏం జరిగిందో రాయాలి, వెట్టి చేసినవాళ్ళ ఇంటి పేర్లు రాయాలి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఎందుకు చనిపోయాడో పిల్లలు పుస్తకంలో చదవడం వేరు, విసునూరు దొర పెత్తనం సాగిన ఊళ్ళో నిలబడి వినడం వేరు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, పోలీసులు బైరాన్‌పల్లి మీద పడ్డప్పుడు ఊరు ఎక్కింది బురుజు మీదికే. ఆ బురుజుకు శిల్పాలు లేవు, రాతి చెక్కడం లేదు. నా లెక్కలో అది కీర్తి తోరణానికి తక్కువ కాదు. రాష్ట్ర ముద్రలో తోరణం పెట్టుకున్న మనం, పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయబోయి తూటాలకు బలైనవాళ్ళను కూడా అంతే దగ్గరగా పెట్టుకోవాలి.

గుప్తనిధుల కోసం నంది కింద తవ్వేస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

వెంటనే 100కు ఫోన్ చేయండి. భూమిలో ఏదైనా దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కు చెప్పాలి, పది రూపాయల విలువ దాటితే చాలు. తవ్వినవాళ్ళు మన బంధువులైనా సరే దాచొద్దు. నంది పగిలిపోయింది తప్ప ఆ తవ్వకాల్లో ఎవరికీ బంగారం దొరకలేదు, నేను చూసిన ఊళ్ళన్నిట్లో ఇదే కథ.

వీటన్నిటికీ డబ్బెక్కడిది?

డబ్బు రాలేదని కాదు. 2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం పెట్టిన హృదయ్ పథకానికి 12 నగరాలను తీసుకుంటే అందులో వరంగల్ ఉంది. భద్రకాళి చెరువు కట్ట ఈ రోజు అలా ఉందంటే దాని వల్లే. 2019లో పథకం అయిపోయింది. అది నడుస్తుండగానే స్మార్ట్ సిటీ పథకం కూడా వచ్చింది. పథకం వచ్చినప్పుడల్లా కొత్త రెయిలింగ్, కొత్త బోర్డు, ప్రారంభోత్సవం, మూడేళ్ళకు రెయిలింగ్ విరిగితే వెల్డింగ్ చేయించడానికి ఎవరి దగ్గరా పైసా ఉండదు. అందుకే పెద్ద ప్రాజెక్టు తెస్తానని నేను చెప్పడం లేదు. కార్పొరేషన్ బడ్జెట్‌లో ప్రతి ఏడూ మెయింటెనెన్స్‌కు విడిగా ఒక పద్దు ఉండాలి, చిన్నదైనా పర్వాలేదు, ఆగకూడదు. గడ్డి పీకే మనిషికి, రావి మొలక గోడలో వేరు దిగకముందే తీసే మనిషికి నెల జీతం ఇవ్వాలి. ఆ మనిషి ఖిలా వాసి అయి ఉండాలి. కోట పక్కన బతుకుతున్నందుకు ఇబ్బందులు మాకు, ఉద్యోగాలు వేరేవాళ్ళకు అంటే కుదరదు.

ఓడిపోతే?

ఇళ్ళ జాబితా పని ఇప్పటికే మొదలుపెట్టాను, పడమర కోట వైపు రెండు వీధులు పూర్తయ్యాయి. ఎన్నికకూ దీనికీ సంబంధం లేదు, గెలిచినా ఓడినా ప్రతి ఆదివారం పొద్దున కొనసాగుతుంది. మీ ఇల్లు 1992కు ముందుదైతే ఇంటి పన్ను పాత రసీదు, కరెంటు బిల్లు, ఏదున్నా తీసుకురండి. జిరాక్స్ తీసుకుని అసలు కాగితం అప్పుడే మీ చేతికిచ్చేస్తాను. చిరిగిపోయి ఉన్నా, చెదలు కొంచెం తిన్నా పర్వాలేదు, తేదీ కనబడితే చాలు.